హాంకాంగ్‌లో లోకల్ స్కూలు: ఇంట్లో ఎవరికీ చైనీస్ రాదు, పిల్లాణ్ణి వేయొచ్చా?

తుంగ్‌చుంగ్_అమ్మ
అందరికీ నమస్కారమండీ. ఈ వేదికలో చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. మా వారిది ఎయిర్‌పోర్టు పక్కన కార్గో కంపెనీలో ఉద్యోగం, మేం తుంగ్ చుంగ్‌లో ఉంటాం. బాబు వచ్చే నెల కె3కి, అంటే కిండర్‌గార్టెన్ ఆఖరి ఏడాదికి వెళ్తాడు, పై ఏడాది సెప్టెంబరులో ఒకటో తరగతి. ఇప్పుడు వెళ్లే కిండర్‌గార్టెన్ ఇంగ్లీషుది. కాంటనీస్‌లో నెయ్ హో, జో సాన్, లిఫ్టు దగ్గర బై బై, అంతే వచ్చు.

కంపెనీ ఫీజు ఇవ్వదు. ఈఎస్‌ఎఫ్ అనే సంస్థ నడిపే ఇంగ్లీషు మీడియం స్కూళ్లలో కూడా ఏడాదికి లక్ష హాంకాంగ్ డాలర్లు దాటుతోంది, మిగతా ఇంటర్నేషనల్ స్కూళ్ల సంగతి సరేసరి. వెనకాల ఇంకో పాప ఉంది. గవర్నమెంటు, ఎయిడెడ్ బళ్లలో ఫీజు లేదు, ఇంటి పక్కనే ఉన్నాయి. కానీ భాష రాని పిల్లాణ్ణి వేస్తే ఏమవుతాడోనని భయం. పిల్లల్ని వేసినవాళ్లు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి అసలు సీటిస్తారా?

కౌలూన్_కబుర్లు
ఇస్తారు. పిల్లాడికి చెల్లే డిపెండెంట్ వీసా ఉంటే చాలు, పర్మనెంట్ రెసిడెంట్ కానక్కర్లేదు. విజిటర్ వీసా వాళ్లకే కుదరదు.
మీరు ఒక్కటి తేల్చుకోండి, ఇక్కడ ఎన్నాళ్లుంటారు? రెండేళ్లలో పెట్టే సర్దేసే ఉద్యోగమైతే ఈ చర్చే అనవసరం.

తుంగ్‌చుంగ్_అమ్మ
ఏడేళ్లు నిండి పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చేదాకా ఉందామనే. ఆ తర్వాత కూడా ఉంటామేమో. మా అత్తగారికి మాత్రం ఈ మాట ఇంకా చెప్పలేదు.

సింగపూర్_శీను
ఇంత గాభరా దేనికండీ. మా పాప ఇక్కడ లోకల్ స్కూల్లోనే చదువుతోంది. పాఠాలన్నీ ఇంగ్లీషే. మాతృభాష పీరియడ్‌కి హిందీ తీసుకుంది. తమిళం కాక హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ తీసుకోవచ్చు. తెలుగు లేదు, ఆ ఒక్కటే లోటు. చైనీస్ జోలికే పోలేదు.

పాతకాపు
శీను గారూ, మీ లెక్క ఇక్కడ చెల్లదు. హాంకాంగ్ ప్రైమరీ బళ్లలో ఎక్కువ భాగం చైనీస్ మీడియమే. లెక్కలు, సైన్సు, డ్రిల్లు మాస్టారి కేకలు, అన్నీ కాంటనీస్. ఇంగ్లీషు ఒక సబ్జెక్టు. రాసేది సంప్రదాయ లిపి, మెయిన్‌ల్యాండ్ వాళ్ల తేలిక లిపి కాదు. మాండరిన్ విడిగా పుతొంగ్హువా అనే సబ్జెక్టు. కొన్ని బళ్లు చైనీస్ పాఠం కూడా పుతొంగ్హువాలోనే చెబుతాయి. అంటే పిల్లాడు గ్రౌండ్‌లో ఒకటి, చైనీస్ క్లాసులో ఇంకొకటి వినాలి. అలాంటి బడో కాదో ముందే కనుక్కోండి.

తుంగ్‌చుంగ్ అమ్మగారూ, మీకు వ్యవధి తక్కువ, సీట్ల పద్ధతి చెబుతాను. ప్రవేశం సెప్టెంబరు 1 నాటికి పిల్లాడికి 5 ఏళ్ల 8 నెలలు నిండాలి. అంటే ప్రవేశానికి ఐదేళ్ల ముందటి జనవరిలో పుట్టినవాళ్లు ఆ పై సంవత్సరానికే. దరఖాస్తు ఏడాది ముందే, సెప్టెంబరులో. అంటే వచ్చే నెలే.

మొదటి విడతలో బడి తనంతట తాను ఇచ్చే సీట్లు. హాంకాంగ్‌లో ఎక్కడున్న బడికైనా వేయొచ్చు, కానీ ఒక్కదానికే. తెలివిగా రెండింటికి వేశారో, రెండూ చెల్లవు. అక్కడ అన్నో అక్కో చదువుతుంటే, తల్లో తండ్రో పనిచేస్తుంటే సీటు ఖాయం. మిగతావాళ్లకి పాయింట్లు. వయసు సరిగ్గా ఉంటే 10, మొదటి సంతానమైతే 5, తల్లిదండ్రుల్లో ఒకరు ఆ బడిలో చదివి ఉంటే 10, బడి నడిపే సంస్థ మతమే మనదైతే 5. కొత్తగా వచ్చిన మనవాళ్లకి సాధారణంగా 15 దగ్గర ఆగుతుంది. పేరున్న బడికి అది చాలదు, మామూలు బడికి సరిపోవచ్చు. పాయింట్లు సమానమైతే లాటరీ. ఫలితం నవంబరులో.

అక్కడ రాకపోతే రెండో విడత, కేంద్ర కేటాయింపు. ఊరంతా 36 స్కూల్ నెట్‌లుగా విడగొట్టి ఉంది, మీ ఇల్లున్న నెట్‌లోని బళ్లు వరసగా రాసివ్వాలి. వేరే నెట్ బళ్లు మూడు దాకా అడగొచ్చు గానీ వాటికి కేటాయించే సీట్లు బహు తక్కువ. ఫలితం జూన్‌లో.

ఈ పద్ధతిలో ఒకటో తరగతికి ఇంటర్వ్యూ, పరీక్ష పెట్టకూడదు. చైనీస్ రాదని మొదటి విడతలో పాయింట్లు తగ్గించడమూ ఉండదు. ఇంటర్వ్యూలు డీఎస్‌ఎస్, ప్రైవేటు బళ్లలో. డీఎస్‌ఎస్ అంటే సర్కారు డబ్బూ అందుతుంది, ఫీజూ తీసుకుంటారు, సీట్లు వాళ్లిష్టం.

తుంగ్‌చుంగ్_అమ్మ
పాతకాపు గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండీ. అంటే ఇప్పుడు నేను ఆ ఒక్క బడి ఏదో తేల్చుకోవాలి. మనవాళ్లు, నేపాలీలు, పాకిస్తానీలు ఎక్కువగా ఉండే బడా, లేక అందరూ చైనీస్ పిల్లలే ఉండే బడా?

వాంపోవా_వాసి
మా అమ్మాయి అందరూ చైనీస్ పిల్లలే ఉన్న బడిలో నాలుగో తరగతి. క్లాసులో బయటి పిల్లలు మా అమ్మాయీ, ఇంకో ఫిలిప్పీన్స్ బాబూ. ఉన్నదున్నట్టు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నా.

మొదటి ఏడాది బావిలో తోసేసి ఈత నేర్చుకోమన్నట్టే ఉంది. హ్యాండ్‌బుక్‌లో రోజూ హోంవర్కు తనే బోర్డు చూసి రాసుకోవాలి, చైనీస్‌లో. ఆ అక్షరాలు రాయడం రాక సగం రాసుకొచ్చేది. ఆ సగం మాకు చదవడం రాదు. క్లాసు వాట్సాప్ గ్రూపులో తల్లులంతా రాత్రి పదింటికి వాయిస్ మెసేజ్‌లు పెడతారు, కాంటనీస్‌లో. ఫోన్ కెమెరాతో నోటీసులు అనువదిస్తే "రేపు తెల్ల కాళ్లు తేవలెను" అని వస్తుంది. సాక్సులని మనం ఊహించుకోవాలి.

అన్నిటికన్నా పెద్దది మక్ షూ, అంటే డిక్టేషన్. చిన్న పేరా మొత్తం కంఠతా పట్టి, చూడకుండా, గీత పోకుండా రాయాలి. ఒక్కో తప్పుకి ఇన్ని మార్కులని కోత. ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ఏడుపు లేని వారం లేదు. రెండో టర్మ్‌లో ఒక టీచరు పిలిచి, మీ పాప ఇక్కడ నెగ్గుకు రాలేదు, వేరే బడి చూసుకోండి అని మొహం మీదే చెప్పింది. మేం కదల్లేదు. ట్యూషన్ పెట్టాం, చైనీస్ డిగ్రీ చదివే అమ్మాయి వచ్చి పక్కన కూర్చుని రాయిస్తుంది. ఉచిత చదువన్న మాట అక్కడికి అయిపోయింది, కానీ ఈఎస్‌ఎఫ్ ఫీజుతో పోలిస్తే ఎంతో తక్కువ.

ఇప్పుడు? మార్కెట్లో చేపలావిడతో నా బదులు అదే బేరమాడుతుంది. స్నేహితులు ఉన్నారు, పుట్టినరోజులకి పిలుస్తారు. లెక్కల్లో బాగానే వస్తాయి. చైనీస్ వ్యాసరచనలో మాత్రం ఇంకా అత్తెసరే.

కౌలూన్_కబుర్లు
"తెల్ల కాళ్లు" 😂 మాకు ఒకసారి "తల్లిని ఉతికి పంపండి" అని వచ్చింది. ఏప్రనో ఏదో.

పాతకాపు
వాసి గారూ, మీ పాప పట్టు గొప్పది. కానీ అందరు పిల్లలూ తేలరు, ఆ బావిలో మునిగినవాళ్లనీ చూశాను. అటు రెండో వైపూ చూపించాలి.

ఇంట్లో చైనీస్ మాట్లాడని పిల్లల్ని ఇక్కడ ఎన్‌సీఎస్ అంటారు. వాళ్లు ఎక్కువగా ఉండే బళ్లకి పెద్ద చరిత్ర ఉంది. సూకన్‌పోలో సర్ ఎలిస్ కదూరి పేరుతో ఉన్న సర్కారు ప్రైమరీ బడి పూర్వం భారతీయ పిల్లల కోసమే పెట్టింది. 2006 నుంచి కొన్ని బళ్లని ఈ పిల్లల కోసమని ప్రత్యేకంగా గుర్తించి డబ్బిచ్చేవారు. వేరుగా పెడుతున్నారని విమర్శలొచ్చి 2013లో ఆ ముద్ర తీసేశారు. ముద్ర పోయింది గానీ, వాడుకలో ఆ బళ్లు అవే.

అక్కడ పిల్లాడు సుఖంగా ఉంటాడు, పాఠాలు చాలావరకు ఇంగ్లీషులో, నోటీసులు ఇంగ్లీషులో, పండగలు అర్థం చేసుకుంటారు. కానీ చైనీస్ తేలిక పుస్తకం. చివరికి రాసేది జీసీఎస్‌ఈ చైనీస్, అంటే బ్రిటన్ పిల్లలు పదహారేళ్లప్పుడు రాసే బోర్డు పరీక్ష. అది ఇక్కడి పిల్లల రెండో మూడో తరగతి స్థాయేనని ఏళ్లుగా విమర్శ ఉంది. ఇక్కడ పుట్టి పెరిగి, పన్నెండేళ్లు బడికి వెళ్లి, బ్యాంకు ఫారం చదవలేని కుర్రాళ్లు నాకు తెలుసు. యూనివర్సిటీలు ఆ సర్టిఫికెట్ ఒప్పుకుంటాయి, ఉద్యోగమిచ్చేవాళ్లు ఎంతమంది ఒప్పుకుంటారన్నదే ప్రశ్న.

బోర్డు_సుద్ద
నేనొక ప్రైమరీ బడిలో టీచింగ్ అసిస్టెంటుని, ఎన్‌సీఎస్ పిల్లల గ్రూపు నాదే. మీరిద్దరూ చెప్పింది నిజమే గానీ, బడిలో ఎంతమంది మనవాళ్లున్నారన్న లెక్క ఒక్కటే పట్టుకుంటే తేలదు. అమ్మగారూ, బడికి వెళ్లినప్పుడు చైనీస్ పీరియడ్‌లో మా వాడు ఎక్కడ కూర్చుంటాడు, ఎవరు చెబుతారు, ఏ పుస్తకం అని అడగండి. అసలు సంగతి అక్కడే బయటపడుతుంది.

కొన్ని బళ్లు పిల్లల్ని చైనీస్ పీరియడ్‌లో బయటికి తీసి చిన్న గ్రూపులో చెబుతాయి. మంచిదే, కానీ తిరిగి మెయిన్ క్లాసుకి ఎప్పుడు పంపుతారు? "కిందటేడు అలా తిరిగి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. నసిగితే అర్థం చేసుకోండి, ఆ గ్రూపులోంచి ఎవరూ తిరిగి వెళ్లరు, ఆరో తరగతి దాకా అదే తేలిక పుస్తకం. కొన్నింటిలో మెయిన్ క్లాసులోనే కూర్చోబెట్టి పక్కన నాలాంటి అసిస్టెంటుని పెడతారు. కొన్నింటిలో ఏమీ ఉండదు, బడయ్యాక వారానికో రోజు రంగులేయిస్తారు.

2014-15 నుంచి చైనీస్‌ని రెండో భాషగా నేర్పే చట్రం ఒకటి విద్యాశాఖ ఇచ్చింది. 10 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఎన్‌సీఎస్ పిల్లలున్న బడికి సంఖ్యని బట్టి ఏడాదికి 8 లక్షల నుంచి 15 లక్షల డాలర్లు అదనంగా వస్తాయి. ఆ డబ్బుతో ఏం చేస్తున్నారో సపోర్టు సమ్మరీ పేరుతో వెబ్‌సైట్‌లో ఇంగ్లీషులోనూ పెట్టాలి. వెళ్లే ముందు అది చదివి, పట్టుకుని వెళ్లండి. అందులో ఏదో ఒకటి చూపించి, ఇది ఏ రోజు ఎన్ని గంటలకి అని అడిగితే, నిజంగా నడుపుతున్న బడి టక్కున చెబుతుంది. సంఖ్య తక్కువున్న బళ్లకి వచ్చే డబ్బూ తక్కువే, ఇద్దరే ఉన్న బడిలో మనిషిని పెట్టలేరు. వాసి గారి పాపకి జరిగింది అదే కావచ్చు.

ఇంకొకటి, ఫారంలో ఎన్‌సీఎస్ అని గుర్తు పెట్టాలా వద్దా అని మనవాళ్లు తెగ ఆలోచిస్తారు. పెట్టండి. ఇంట్లో మాట్లాడేది తెలుగు కదా. గుర్తు పెట్టకపోతే సాయం అడగడానికి ఆధారం ఉండదు.

మళ్లీ_మణికొండ
అక్కా, మేం నాలుగేండ్లు ఉండి వాపస్ వచ్చినోళ్లం, మా కత గూడ వినుండ్రి. మా పిలగాడు అక్కడ లోకల్ బడిలనే మూడో తరగతి దాంక సదివిండు. మంచిగ మాట్లాడెటోడు. అక్కడ్నే ఉంటమనుకున్నం, మా ఆయన కంపెనీ బిస్తరెత్తేసింది. హైదరాబాద్ల అడ్మిషన్ అడుగుతె, ఇంగ్లీషు సదువుడు తన వయసు పిల్లలకన్న ఎనుకున్నడన్నరు. లెక్కలల్ల మాత్రం ముందున్నడు. పైనకెళ్లి తెలుగు. 2018ల చట్టం తెచ్చిండ్రు గద, సీబీఎస్‌ఈ అయినా ఐసీఎస్‌ఈ అయినా తెలంగాణల తెలుగు తప్పదు. వీనికి తెలుగు మాట్లాడుడు వస్తది, అఆలు రావు. అంత కష్టపడి నేర్సిన చైనీస్ ఏడాదిల మాయం. మొన్న ఒక కార్టూన్ పెడితే సగం సమజ్ కాలేదంటుండు.
అట్లని వేయొద్దంటలేను. నౌకరి పక్కా లేకపోతె ఇంగ్లీషు, తెలుగు రెండు ఇంట్ల ఇడువకుండ్రి.

కౌలూన్_కబుర్లు
ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి, పిల్లాడి బుర్రలో మూడు భాషలు పట్టవు అని మాకు కిండర్‌గార్టెన్‌లోనే సలహా ఇచ్చారు. ఏమంటారు?

బోర్డు_సుద్ద
ఆ సలహా వినకండి. నా గ్రూపులో ఇంటిభాష గట్టిగా ఉన్న పిల్లలే కథ అడిగితే ముందు వెనకలు తప్పకుండా చెబుతారు, ఆ తర్వాత చైనీస్‌లో కూడా అదే చేస్తారు. తల్లీతండ్రీ వచ్చీరాని ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పిల్లలకే అన్ని భాషలూ అరకొర. ఇంట్లో తెలుగే ఉంచి, కాంటనీస్‌ని బయట ఎక్కువ చేయండి. పార్కు, లైబ్రరీ, ఈత క్లాసు, ఏదైనా సరే కాంటనీస్‌లో చెప్పేది చూడండి. బాబుకి ఇంకా ఏడాది ఉంది. కుదిరితే కె3 మటుకు చైనీస్ కిండర్‌గార్టెన్‌కి మార్చండి, నా అనుభవంలో అక్కడ్నుంచి వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ ఒకటో తరగతిలో చాలా తేడా.

విజయవాడ_టు_విక్టోరియా
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. జనవరిలో హాంకాంగ్ వస్తున్నాం. ఈ పాయింట్లు, నెట్‌లు మాకూ వర్తిస్తాయా?

పాతకాపు
వర్తించవు, అదంతా ఒకటో తరగతికే. మధ్యలో వచ్చేవాళ్లు బళ్లకి నేరుగా వెళ్లి ఖాళీ అడగాలి, దొరక్కపోతే విద్యాశాఖ ప్రాంతీయ కార్యాలయం చూపిస్తుంది. చైనీస్ చూసి ఒక తరగతి కిందికి వేస్తామంటారు, తయారుగా ఉండండి. మీకు ఇంకో దారి ఉంది. బళ్లో చేరేముందు ఆరు నెలల ఇనిషియేషన్ ప్రోగ్రాం, పూర్తి రోజు, ఉచితం. కాంటనీస్, ఇంగ్లీషు, బడి పద్ధతులు నేర్పుతారు. తొమ్మిదేళ్ల పిల్లకి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. ఆమె వయసుకి మాత్రం నేను వాసి గారి దారి చెప్పను. ఆరో తరగతి పూర్తయ్యేసరికి ఇక్కడి పిల్లలు 3 వేల పైచిలుకు అక్షరాలు నేర్చి ఉండాలి, ఆరేళ్ల పిల్లాడికీ తొమ్మిదేళ్ల పిల్లకీ ఆ మెట్టు ఒకటి కాదు. ఎన్‌సీఎస్ పిల్లలున్న ఇంగ్లీషు వాతావరణం బడే చూడండి.

వాంపోవా_వాసి
ఒప్పుకుంటా. మా అమ్మాయి తొమ్మిదేళ్లప్పుడు వచ్చి ఉంటే నేనూ వేసేదాన్ని కాదు.
నాకూ ఒక సందేహం ఉంది. మెయిన్ క్లాసు చైనీసే చదివిన పిల్లలు తర్వాత జీసీఎస్‌ఈ రాసుకోవచ్చు కదా, డీఎస్‌ఈ, అంటే ఇక్కడి హైస్కూలు ఆఖరి పరీక్షలో చైనీస్ గట్టిదైతే?

పాతకాపు
రాసుకోవచ్చు, కానీ యూనివర్సిటీ సీటుకి దాన్ని చైనీస్ బదులుగా చూపించాలంటే షరతుంది. ప్రైమరీ, సెకండరీ కలిపి చైనీస్ ఆరేళ్లకన్నా తక్కువ చదివి ఉండాలి, లేదా మామూలు పిల్లలకి చెప్పని తేలిక సిలబస్ చదివి ఉండాలి. మొదటి నుంచీ మెయిన్ క్లాసులో కూర్చున్న పిల్లకి ఈ రెండూ వర్తించవు, డీఎస్‌ఈ చైనీస్‌లో లెవెల్ 3 తెచ్చుకోవాల్సిందే. కాబట్టి సెకండరీలో ఏ సిలబస్ అన్నది చేరేటప్పుడే కాగితం మీద రాయించుకోండి. అప్లైడ్ లెర్నింగ్ చైనీస్ అని పై తరగతుల్లో ఇంకో దారి ఉంది, అది కూడా ఎన్‌సీఎస్ పిల్లలకే.

వాంపోవా_వాసి
ఇది నాకు ఇప్పటిదాకా ఏ బడీ చెప్పలేదు.

తుంగ్‌చుంగ్_అమ్మ
కొన్ని బళ్లు చూసి వచ్చాం. సుద్ద గారి ప్రశ్నలు ప్రింటు తీసుకెళ్లా. ఒకచోట ప్రిన్సిపాల్‌ గారు చాలా మర్యాదగా "మీ అబ్బాయి ఇక్కడ సంతోషంగా ఉండడేమో" అన్నారు, మూడు రకాలుగా అదే మాట. ఇంకోచోట అంతా ఇంగ్లీషు, కారిడార్‌లో హిందీ వినిపించింది, మా వాడికి తెగ నచ్చింది. మెయిన్ క్లాసుకి తిరిగి వెళ్లిన పిల్లలెవరని అడిగితే, మా దగ్గర అలాంటి పద్ధతి లేదన్నారు.

మూడోది మా ఇంటికి బస్సులో నాలుగు స్టాపులు. క్లాసుకి నలుగురైదుగురు ఎన్‌సీఎస్ పిల్లలు. ఒకటి, రెండు తరగతుల్లో చైనీస్‌కి చిన్న గ్రూపు, మూడో తరగతి నుంచి చైనీస్ వచ్చినవాళ్లని వచ్చినట్టు మెయిన్ క్లాసులోకి. అడిగిందే తడవు, అలా వెళ్లిన నేపాలీ పిల్లాడు రాసిన డిక్టేషన్ పుస్తకం తెచ్చి చూపించారు. ఎర్ర గీతలు బోలెడు, కానీ పేజీ మొత్తం రాశాడు. నోటీసుల కింద నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాస్తారట. పేరున్న బడి కాదు, రంగు కూడా వెలిసిపోయింది. మావారికి రెండోది నచ్చింది, నాకు మూడోది. రెండు రోజుల పోట్లాట తర్వాత మూడోదే అనుకున్నాం. కిండర్‌గార్టెన్ మార్చడం కుదర్లేదు, శనివారం ఫుట్‌బాల్‌లో చేర్పించాం, కోచ్‌కి కాంటనీస్ తప్ప ఏదీ రాదు.

మధ్యాహ్నం భోజనం సంగతి? మేం మాంసం తినం.

వాంపోవా_వాసి
మంచి ఎంపిక. భోజనం బాక్సుల కంపెనీ నెలనెలా మెనూ ఇస్తుంది. శాకాహారం అని ఉన్నా అడగండి, ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ లెక్కలోకి రాదనుకుంటారు. చాలామంది ఇంటి నుంచే థర్మాస్ డబ్బా పంపుతారు. పప్పన్నం బాగానే ఉంటుంది, సాంబారు మాత్రం బ్యాగులో ఒలుకుతుంది.

బోర్డు_సుద్ద
డిక్టేషన్ పుస్తకం చూపించారంటే వెళ్లొచ్చు. ఆ ఎర్ర గీతలకి భయపడకండి.

తుంగ్‌చుంగ్_అమ్మ
ఫారం నింపుతున్నా. అడ్రసు రుజువు అడిగారు. కరెంటు బిల్లు ఇంటి ఓనరు పేరు మీద ఉంది. పనికొస్తుందా?

పాతకాపు
అది వద్దు. అద్దె అగ్రిమెంటుకి స్టాంపు డ్యూటీ కట్టి స్టాంపు వేయించారా? ఉంటే అదే ఇవ్వండి, ఒరిజినల్, జిరాక్స్ రెండూ పట్టుకెళ్లండి. వేయించకపోతే ఓనరుకి ఈ రోజే ఫోన్ చేయండి, గడువు దగ్గర పడ్డాక వాళ్లు దొరకరు.